డైమార్ఫోస్ మీద గుంత ఎక్కడ?

సైన్సు_టీచరమ్మ
గ్రహశకలాన్ని గుద్ది దాని దారి మార్చగలమా అని చూడటానికి నాసా పంపిన డార్ట్ నౌక వీడియోను తొమ్మిదో తరగతి పిల్లలకు చూపించాను. 2022 సెప్టెంబర్ 26న డైమార్ఫోస్ అనే గ్రహశకలాన్ని అది ఢీకొట్టింది కదా, అదే. రాళ్లు పెద్దవవుతూ మీదికి వస్తాయి, ఆఖరి ఫొటో సగంలో తెగిపోతుంది. వెంటనే ఒక అమ్మాయి లేచి "గుంత ఎంత పెద్దది పడింది టీచర్?" అని అడిగింది. అప్పటి నుంచి వెతుకుతున్నాను. ఒకచోట పది మీటర్లని, ఇంకోచోట వంద మీటర్లని రాశారు. మరోచోట అసలు గుంతే ఉండకపోవచ్చు, ఆ గ్రహశకలం ఆకారమే మారిపోయి ఉంటుందట! అది 150 మీటర్ల బండ. నౌక బరువు 580 కిలోల లోపే. అంత చిన్న వస్తువు తగిలితే అంత పెద్ద బండ రూపం ఎలా మారుతుంది? తెలిసినవారు అంకెలతో చెప్పండి. "పరిశోధనలు జరుగుతున్నాయి" అని తేల్చేస్తే మా పిల్లలు ఒప్పుకోరు.

మర్రిచెట్టు
గుంత ఫొటో ఎవరి దగ్గరా లేదండీ. కెమెరా ఉన్న నౌకే వెళ్లి గుద్దింది. వెనకాలే వచ్చిన ఇటలీ వారి చిన్న ఉపగ్రహం లిచియాక్యూబ్ సుమారు మూడు నిమిషాల తరువాత పక్క నుంచి దూసుకుపోతూ ఫొటోలు తీసింది. వాటిలో ఎగజిమ్మిన దుమ్ము, రాళ్లే. దాని వెనుక ఏముందో కనిపించలేదు.

హరిణి_ఖగోళం
టీచరమ్మ గారూ, మీ ప్రశ్నలో "బండ" అన్న చోటే చిక్కు ఉంది. డైమార్ఫోస్ బండ కాదు. రాళ్ల కుప్ప. చిన్నవీ పెద్దవీ రాళ్లు, మధ్యలో ఖాళీలు, వాటన్నిటినీ కలిపి ఉంచేది వాటి సొంత ఆకర్షణ మాత్రమే. ఆ ఆకర్షణ ఎంతో మీ పిల్లల చేతే లెక్క కట్టించండి.

దాని ద్రవ్యరాశి సుమారు 43 లక్షల టన్నులు. వినడానికి పెద్దదే. ఉపరితలం మీద గురుత్వం మాత్రం భూమి మీది దాంట్లో రెండు లక్షల్లో ఒక వంతు. మీటరు ఎత్తు నుంచి రాయి వదిలితే కింద పడటానికి 200 సెకన్లు పడుతుంది. సెకనుకు 9 సెంటీమీటర్ల వేగంతో విసిరితే ఇక తిరిగి రాదు. పాకే పసిబిడ్డ వేగం అంతకంటే ఎక్కువ.

ఇంకొకటి. దాని నడిమధ్యన, అంటే 75 మీటర్ల లోతున, పైనున్న రాళ్లన్నీ కలిసి నొక్కితే వచ్చే ఒత్తిడి 5 పాస్కల్స్ కూడా ఉండదు. మనం ప్రింటుకు వాడే 80 జీఎస్ఎమ్ కాగితం బల్ల మీద పరిచి ఉంటే అది వేసే ఒత్తిడి 0.8 పాస్కల్. ఆరు కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టండి. డైమార్ఫోస్ గర్భంలో రాళ్ల మీద పడే బరువు అంతే.

అలాంటి దాని మీదికి సెకనుకు 6.1 కిలోమీటర్ల వేగంతో డార్ట్ వెళ్లింది. దాని శక్తి సుమారు రెండున్నర టన్నుల టీఎన్‌టీ అనే పేలుడు మందుకు సమానం. ఇప్పుడు చెప్పండి, ఆకారం మారడం వింతా, మారకపోవడం వింతా?

ప్రశ్నల_పుట్ట
ఆరు కాగితాలేనా!! మరి అది ఇప్పటిదాకా చెదిరిపోకుండా ఎలా ఉంది?

హరిణి_ఖగోళం
చెదరగొట్టేవారు లేక. గాలి లేదు, నీరు లేదు. డైమార్ఫోస్ ఎవరి చుట్టూ తిరుగుతోందో ఆ పెద్దన్న, డిడిమోస్ అనే గ్రహశకలం మాత్రం 2.26 గంటలకోసారి తన చుట్టూ తిరుగుతోంది. ఇంకాస్త వేగం పెరిగితే దాని నడుము దగ్గరి రాళ్లు లేచిపోతాయి. ఒకప్పుడు అలా లేచిపోయిన రాళ్లతోనే డైమార్ఫోస్ తయారై ఉంటుందని ఎక్కువమంది అభిప్రాయం.

నేలమట్టం
నేను పునాదుల కోసం నేల పరీక్షలు చేసే ఇంజనీరుని. హరిణి గారి లెక్కకు ఒక సవరణ కాదు గానీ, ఒక చేర్పు. నేల బలం అంటే రెండు వేర్వేరు సంగతులు. ఒకటి రేణువులు ఒకదానికొకటి అంటుకునే బలం, మేము కొహిషన్ అంటాం. రెండోది వాటి మధ్య ఘర్షణ. మెత్తటి బంకమట్టికి కూడా కొహిషన్ పది, ఇరవై వేల పాస్కల్స్ ఉంటుంది. ఎండిన ఇసుకకు దాదాపు సున్నా. అయినా ఇసుక కుప్ప నిలబడుతుంది కదా, అది ఘర్షణ వల్ల.

డైమార్ఫోస్ మీద కొహిషన్ కొద్ది పాస్కల్స్‌కు మించదని రడుకాన్ అనే శాస్త్రవేత్త బృందం 2024లో కంప్యూటర్ నమూనాలతో చూపించింది. కొన్ని పాస్కల్స్! మా ప్రయోగశాలలో ఏ యంత్రం మీదా అంత చిన్న అంకె కనిపించదు. కానీ అక్కడ గురుత్వం కూడా అంత తక్కువే కాబట్టి ఒకటి రెండు పాస్కల్స్ తేడాతో ఫలితం మొత్తం మారిపోతుంది. కాస్త అంటుకునే గుణం ఉంటే చక్కటి గిన్నె లాంటి గుంత పడుతుంది. అది లేకపోతే తవ్వకం ఆగదు. రాళ్లు తాపీగా, గంటల తరబడి జరుగుతూనే ఉంటాయి, గుంత పెరిగి పెరిగి గ్రహశకలమంత అయ్యేసరికి దాన్ని గుంత అనడానికి వీలుండదు. ఒక వైపు మొత్తం నొక్కుకుపోయి కొత్త ఆకారం వస్తుంది.

చీమకుర్తి_రాయి
మాది గ్రానైట్ క్వారీ పని. పేలుళ్ల దగ్గరే జీవితం గడిచింది. నేను చూసినది చెబుతాను, తరువాత మీరు తేల్చండి.

నిండు రాతిలో మందు పెట్టి పేలిస్తే ఆ అదురు చాలా దూరం పోతుంది, ఊళ్లో కిటికీలు అదురుతున్నాయని వచ్చి గొడవ పడతారు. అదే మందు వ్యర్థపు రాళ్లు పోసిన గుట్ట పక్కన పేలితే గుట్ట అవతల నిలబడినవాడికి కాళ్ల కింద ఏమీ తెలియదు. ముక్కకూ ముక్కకూ మధ్య ఖాళీ ఉన్నచోట అదురు చచ్చిపోతుంది. కాబట్టి "ఒకచోట దెబ్బ తగిలితే గ్రహశకలం అంతా కంపించి పైపొర అంతా కొత్తదైపోతుంది" అని నేను చదివిన వ్యాసాలు నాకు నమ్మబుద్ధి కాలేదు. కుప్ప అంటారు, మళ్లీ గంటలా మోగింది అంటారు. రెండూ ఎలా కుదురుతాయి?

లెక్కల_సూరి
చీమకుర్తి గారు సరైన చోట పట్టుకున్నారు. దీన్ని నిజంగానే ప్రయోగం చేసి చూశారు. జపాన్ హయబుసా-2 నౌక 2019 ఏప్రిల్ 5న ర్యుగు అనే గ్రహశకలం మీదికి 2 కిలోల రాగి ముద్దను సెకనుకు 2 కిలోమీటర్ల వేగంతో పేల్చి వదిలింది. నౌక తాను పేలుడు నుంచి తప్పుకుని గ్రహశకలం చాటున దాక్కుంది, ఒక చిన్న కెమెరాను మాత్రం గాలికి వదిలినట్టు అంతరిక్షంలో వదిలి వెళ్లింది. ఆ కెమెరా ఎనిమిది నిమిషాలకు పైగా చూసింది.

పడిన గుంత వెడల్పు 14.5 మీటర్లు! 2 కిలోల ముద్దకు! నేల ఏమాత్రం గట్టిగా ఉన్నా ఇంత పెద్దది పడదు. అంటే అక్కడ గుంత పెరుగుదలను ఆపింది రాతి బలం కాదు, గురుత్వం ఒక్కటే. ఎగజిమ్మిన రాళ్ల తెర ఆ ఎనిమిది నిమిషాల్లో ఉపరితలం నుంచి పూర్తిగా విడిపోనే లేదు, నేలను అంటిపెట్టుకునే మెల్లగా విస్తరించింది.

చీమకుర్తి_రాయి
సరే. మరి చుట్టుపక్కల రాళ్లు కదిలాయా? అది చెప్పండి.

లెక్కల_సూరి
కదిలాయి, గుంత చుట్టూ కొన్ని పదుల మీటర్ల వరకే. ముందు ఫొటోలూ తరువాత ఫొటోలూ పక్కపక్కన పెట్టి ఒక్కో రాయినీ పోల్చి చూశారు. ఆ అవతల చలనం లేదు. ర్యుగు వెడల్పు దాదాపు 900 మీటర్లు. కాబట్టి మీ వ్యర్థపు గుట్ట మాట నిజమే, అదురు దూరం పోలేదు.

చీమకుర్తి_రాయి
చూశారా! గుట్టల పక్కన బతికినవాడికి ఇలాంటివి తెలుస్తాయి.

రాత్రిపూట_దుర్భిణి
అంత తొందరగా కంపనాలను కొట్టిపారేయకండి. ఈరోస్ అనే గ్రహశకలం సంగతి ఏమంటారు? నియర్ షూమేకర్ నౌక 2000 ఫిబ్రవరి 14న దాని కక్ష్యలో చేరి ఏడాది పాటు ఫొటోలు తీసింది. అక్కడ 7.6 కిలోమీటర్ల వెడల్పున్న ఒక పెద్ద గుంత ఉంది, మిగతావాటితో పోలిస్తే కొత్తది. థామస్, రాబిన్సన్ అనే ఇద్దరు 2005లో లెక్కపెట్టి చూస్తే ఉపరితలంలో సుమారు 40 శాతం మేర అర కిలోమీటరు లోపు గుంతలు చెరిగిపోయి ఉన్నాయి. అవి ఎక్కడ చెరిగాయో తెలుసా? ఆ పెద్ద గుంతకు నేరుగా, అంటే గ్రహశకలం లోపలి గుండా కొలిస్తే దగ్గరగా ఉన్న చోట్ల. ఎగిరిపడిన రాళ్లు కప్పేసి ఉంటే ఆ ఆనవాలు వేరుగా ఉండేది. లోపలి గుండా వెళ్లిన అదురే చెరిపింది.

నేలమట్టం
దుర్భిణి గారూ, మీరూ చీమకుర్తి గారూ ఒకే రకం వస్తువు గురించి మాట్లాడటం లేదు. ఈరోస్ 34 కిలోమీటర్ల పొడవు. దాని నిండా పగుళ్లు ఉన్నా లోపల రాయి రాయే, ఒక చివరి నుంచి మరో చివరి దాకా సాగే గీతలు దాని మీద కనిపిస్తాయి. అందులో అదురు ప్రయాణిస్తుంది. ర్యుగు, డైమార్ఫోస్ లాంటివి పోగుపడినవి. వాటిలో అదురు ప్రయాణించదు, కానీ దెబ్బ తగిలినచోట తవ్వకం విపరీతంగా జరుగుతుంది. పైపొర కొత్తదయ్యేది రెండింటిలోనూ, దారులు వేరు.

రాత్రిపూట_దుర్భిణి
ఇటోకవా అనే గ్రహశకలం కూడా కుప్పే కదా? దాని మీద చిన్న కంకరంతా లోతట్టు ప్రాంతాల్లోకి చేరి నున్నటి మైదానాల్లా ఉంది, పెద్ద రాళ్లు ఎత్తుల మీద మిగిలాయి. ఎన్నోసార్లు ఊగితే తప్ప అలా వేరుపడదు. జపాన్ మొదటి హయబుసా నౌక 2010 జూన్ 13న భూమికి తెచ్చిన ఇటోకవా రేణువుల్లో కొన్నిటి అంచులు అరిగి గుండ్రబడి ఉన్నాయి, ఒకదానితో ఒకటి రాసుకున్న గుర్తు. మీ సూత్రం ప్రకారం అక్కడ అదురే ఉండకూడదు.

నేలమట్టం
ఉండకూడదని అనలేదు. దూరం పోదన్నాను. ఇటోకవా పొడవు 535 మీటర్లు. చిన్నచిన్న దెబ్బలు అన్నిచోట్లా, కోట్ల ఏళ్లు తగులుతూ ఉంటే ప్రతి చోటా ఎప్పుడో ఒకప్పుడు దగ్గరి అదురు తగులుతుంది. ఒకే పెద్ద దెబ్బతో అంతా ఊగనక్కరలేదు.

రాత్రిపూట_దుర్భిణి
అది లెక్కతో చూపిస్తే ఒప్పుకుంటాను. ప్రస్తుతానికి ఒప్పుకోలేదు.

మర్రిచెట్టు
వేడి తగ్గడానికి ఒక మాట. డైమార్ఫోస్ మీది రాళ్లకు, గుంతలకు ప్రపంచంలోని తాళవాద్యాల పేర్లు పెట్టారు. డార్ట్ తగిలింది అటబాకే, బోధ్రాన్ అనే రెండు బండల దగ్గర. ఒక బండ పేరు ఢోల్! మన దేశపు వాద్యం అక్కడ ఉంది.

గోదారి_గట్టు
డప్పు పేరు కూడా పెట్టాల్సింది. గుద్దించుకునే దానికి అంతకంటే తగిన పేరు ఏముంది!

కొత్త_సభ్యుడు
ఒక భయం. ఇలా గుద్దితే అది దారి తప్పి మన మీదికి వస్తే? రాళ్లు ఎగిరాయి అంటున్నారు కదా.

మర్రిచెట్టు
రాదు. డైమార్ఫోస్ తిరిగేది డిడిమోస్ చుట్టూ. చెప్పుకోదగ్గంత మారింది ఆ చిన్న పరిభ్రమణమే, రెండూ కలిసి సూర్యుడి చుట్టూ తిరిగే దారి భూమిని తాకేది కాదు. ప్రయోగానికి ఆ జంటను ఎంచుకున్నదే అందుకు.

హరిణి_ఖగోళం
ర్యుగు గురించి సూరి గారు చెప్పారు కాబట్టి బెన్ను గురించి నేను చెప్పి తీరాలి, నాకు బాగా ఇష్టమైన గ్రహశకలం అది. నాసా వారి ఒసైరిస్-రెక్స్ నౌక 2020 అక్టోబర్ 20న దాని మీద మట్టి తీయడానికి చేయి చాచింది. దిగిన వేగం సెకనుకు 10 సెంటీమీటర్లు, మనిషి నడకలో పదో వంతు కూడా కాదు. నేల ఎదురు నిలుస్తుందనుకున్నారు. నిలవలేదు. చేయి దాదాపు అర మీటరు లోపలికి దిగిపోయింది. వెనక్కి రావడానికి ఇంజన్లు మండించకపోయి ఉంటే ఇంకా మునిగేదే. అక్కడ ఎనిమిది, తొమ్మిది మీటర్ల గుంత ఏర్పడి సుమారు ఆరు టన్నుల రాళ్లూ మట్టీ చెదిరాయి. మట్టి లేపడానికి గ్యాసు ఊది, ఇంజన్ల సెగ తగిలినందుకే అంత!

పైనుంచి చూస్తే బెన్ను నిండా బండలే, గరుకుగా, భయంకరంగా. అంత గట్టిగా కనబడే దాని పైపొరలో ఇంత బలహీనత ఉందని తాకేదాకా ఎవరికీ తెలియలేదు. అందుకే ఫొటోలు చూసి గ్రహశకలం బలం చెప్పేవారిని నేను నమ్మను.

దానికి ముందే ఒక ఆధారం ఫొటోల్లో దాగి ఉందనుకోండి. బెన్ను మీద 70 మీటర్ల గుంత ఒకటి ఉంది. దాని పక్కన, పల్లం వైపు, గుంతలోంచి లేచిన రాళ్లు పడి ఉన్నాయి. నేల గట్టిదైతే ఆ రాళ్లు వేగంగా లేచి అంతరిక్షంలోకి పోయేవి, బెన్ను వాటిని పట్టుకోలేదు. మెల్లగా లేచాయి కాబట్టే పక్కన పడ్డాయి. ఆ లెక్కతో పైపొర బలం 2 పాస్కల్స్ లోపే అని 2022లో తేల్చారు.

ప్రశ్నల_పుట్ట
అయితే నాకు ఇంకో అనుమానం. గుంతలు లెక్కపెట్టి ఉపరితలం వయసు చెబుతారని చదివాను. గుంతలు ఎక్కువుంటే పాతది, తక్కువుంటే కొత్తది. నేల బలహీనంగా ఉంటే ఆ లెక్క ఏమవుతుంది?

లెక్కల_సూరి
మంచి ప్రశ్న, ఈ విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

ఒక గ్రహశకలం మీద పది మీటర్ల గుంతలు వంద కనిపించాయి అనుకోండి. నేల గట్టిదైతే అంత గుంతకు పెద్ద రాయి తగలాలి. పెద్ద రాళ్లు అరుదు. కాబట్టి వంద గుంతలు పడటానికి చాలా కాలం పట్టి ఉంటుంది. నేల బలహీనమైతే అదే గుంతకు బుల్లి రాయి చాలు, బుల్లి రాళ్లు కొల్లలు, కాబట్టి ఆ వంద గుంతలు త్వరగానే పడి ఉంటాయి. కనబడే గుంతలు అవే, వయసు మాత్రం ఎన్నో రెట్లు తగ్గిపోతుంది. ర్యుగు మీద 2 కిలోల రాగి ముద్ద చేసిన పని అదే. పైపొర వయసు అంచనాలను ఒక్క దెబ్బతో బాగా కిందికి దించింది.

దీనికి ఎదురు నడిచే సంగతి కూడా ఉంది. ఇటోకవా, ర్యుగు, బెన్ను మూడింటి మీదా చిన్న గుంతలు ఉండవలసినంత లేవు. వచ్చి పడే చిన్న రాయి ముందు ఒక బండకు తగులుతుంది, దాని శక్తి ఆ బండను పగలగొట్టడానికే సరిపోతుంది, కింద నేలలో గుంత పడదు. బండలే కవచం. అలాంటి చోట బండల మీది చిన్న గుంతలనే లెక్కపెట్టాలి. అలా లెక్కపెట్టి బెన్ను భూమి పరిసరాల్లోకి వచ్చి సుమారు 17.5 లక్షల ఏళ్లు అయిందని 2020లో అంచనా వేశారు. గ్రహశకలాల కాలంలో అది నిన్నటి సంగతి.

ఎండా_నీడా
ఇంతసేపూ అందరూ దెబ్బల గురించే మాట్లాడుతున్నారు. బెన్ను 4.3 గంటలకోసారి తిరుగుతుంది. అంటే రోజుకు అయిదు సార్లు దాని రాళ్లు కాగుతాయి, చల్లబడతాయి, వందల డిగ్రీల తేడాతో. రాయి పగలడానికి అదే చాలు. గ్రహశకలాల మీద రాళ్లు చిన్న కంకరగా మారడానికి చిన్న ఉల్కల కంటే ఈ ఎండా చలే ఎక్కువ కారణమని 2014లో ప్రయోగశాలలో ఉల్కముక్కలను కాచి చల్లార్చి చూపించారు. బెన్ను మీద ఒకే దిశలో సాగిన పగుళ్లు కూడా కనిపించాయి. తాకిళ్లకు మీరిచ్చే గౌరవం ఎక్కువైంది.

చీమకుర్తి_రాయి
పగలడం వేరు, జరగడం వేరు. మా క్వారీలో ఎండకు పొరలు లేచిన రాళ్లు ఎన్నో ఉంటాయి, ఏళ్ల తరబడి ఉన్నచోటే ఉంటాయి. ఎవరో కదిలిస్తేనే దొర్లుతాయి.

ఎండా_నీడా
మీ క్వారీలో గురుత్వం బెన్ను మీదికంటే లక్ష రెట్లకు పైగా ఎక్కువండీ. 2019 జనవరి 6న బెన్ను మీది నుంచి రాతి ముక్కలు వాటంతట అవే ఎగిరి పోవడం నౌక కెమెరాలో పడింది. తరువాత కూడా చాలాసార్లు జరిగింది. ఎవరూ కదిలించలేదు.

హరిణి_ఖగోళం
ఆ సంఘటనకు కారణాల జాబితాలో ఎండకు పగలడమూ ఉంది, చిన్న ఉల్కలు తగలడమూ ఉంది. ఇద్దరూ గెలిచామని అనుకోవచ్చు. కానీ ఆ ముక్కలు సెంటీమీటర్ల పరిమాణానివి. 70 మీటర్ల గుంత తవ్వి రాళ్లను పల్లానికి దొర్లించడం ఎండ వల్ల కాదు.

రాత్రిపూట_దుర్భిణి
ఇంకా ఎవరూ మథిల్డే అనే గ్రహశకలం పేరెత్తలేదు. 1997 జూన్ 27న అదే నియర్ నౌక దాని పక్క నుంచి వెళ్లింది. సాంద్రత నీటికి 1.3 రెట్లు మాత్రమే, అంటే లోపల సగం వరకు ఖాళీయే. 20 కిలోమీటర్లకు మించిన గుంతలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి పడినప్పుడు దాని పక్కది చెరగలేదు! ఎగిరిన రాళ్లు కప్పిన జాడ కూడా పెద్దగా లేదు. దెబ్బ తగిలితే ఖాళీలు నలిగి నేల లోపలికి అణిగింది, బయటికి ఎగరలేదు. కాబట్టి "బలహీనమైతే చాలు, చిన్న దెబ్బకే పైపొర అంతా మారుతుంది" అని సూత్రం చేయకండి. ఖాళీలు ఎలాంటివో కూడా చూడాలి.

నేలమట్టం
ఇది మాత్రం పూర్తిగా ఒప్పుకుంటాను. రాయికీ రాయికీ మధ్య ఖాళీ వేరు, రాయి లోపలే సన్నని రంధ్రాలు ఉండటం వేరు. మొదటి రకంలో రాళ్లు జారతాయి, రెండో రకంలో నలుగుతాయి. పైగా మథిల్డే 50 కిలోమీటర్ల పైచిలుకు, అక్కడ లోపలి ఒత్తిడి వేరే స్థాయి.

సైన్సు_టీచరమ్మ
అందరికీ కృతజ్ఞతలు. కాగితాల లెక్క క్లాసులో చేయించాను, పిల్లలు నిజంగా ఆరు కాగితాలు అరచేతి మీద పెట్టుకుని చూశారు. ఇప్పుడు అదే అమ్మాయి రెండో ప్రశ్న. "ఆకారం మారింది" అన్నది కంప్యూటర్ మాటా, చూసిన మాటా?

లెక్కల_సూరి
రెండూ. విడివిడిగా చెబుతాను.

కంప్యూటర్ మాట: నేలమట్టం గారు చెప్పిన 2024 నమూనాల్లో డైమార్ఫోస్ ద్రవ్యరాశిలో సుమారు 1 శాతం అంతరిక్షంలోకి పోయింది, 8 శాతం దాకా దాని మీదే ఒకచోటి నుంచి మరోచోటికి జరిగింది.

కొలిచిన మాట: ఢీకొనక ముందు అది డిడిమోస్ చుట్టూ 11 గంటల 55 నిమిషాలకు ఒకసారి తిరిగేది. కనీసం 73 సెకన్లు తగ్గితే ప్రయోగం విజయం అని ముందే రాసుకున్నారు. తగ్గింది 33 నిమిషాలు! కక్ష్య కూడా గుండ్రంగా ఉన్నది కాస్త సాగింది. ఆకారానికి వస్తే, ముందు పైనుంచి చూస్తే దాదాపు గుండ్రం, కిందికీ పైకీ అణిగిన రూపం. తరువాత భూమి మీది దుర్భిణులతో దాని వెలుగులో హెచ్చుతగ్గులనూ, రాడార్ కొలతలనూ కలిపి చూస్తే పొడవు వెడల్పుల నిష్పత్తి సుమారు 1.06 నుంచి 1.3కు మారినట్టు తేలింది. ఇది ఫొటో కాదు, వెలుగులోంచి రాబట్టిన ఆకారం. కానీ నమూనా చెప్పినదీ ఇదీ ఒకే వైపు చూపిస్తున్నాయి.

చీమకుర్తి_రాయి
33 నిమిషాలు అంటే అనుకున్నదానికి ఎన్నో రెట్లు. అది కూడా కుప్ప కావడం వల్లేనా?

లెక్కల_సూరి
చాలావరకు. నౌక ఇచ్చిన తోపు ఒకటైతే, వెనక్కి ఎగిరిన రాళ్లు ఇచ్చిన తోపు దానికి తోడైంది. మొత్తం కలిపి నౌక ఒక్కటే ఇవ్వగలిగిన దానికి సుమారు 3.6 రెట్లు అని లెక్క, డైమార్ఫోస్ సాంద్రత డిడిమోస్‌తో సమానం అనుకుంటే. రాళ్లు ఎంత సులువుగా లేస్తే అంత ఎక్కువ తోపు.

నేలమట్టం
నాకు దిగులు కలిగించేది ఇక్కడే. రేపు నిజంగా ప్రమాదకరమైనది ఒకటి వస్తే, దాని పైపొర 2 పాస్కల్స్‌దా 2000 పాస్కల్స్‌దా తెలియకుండా ఎంత బరువుతో గుద్దాలో ఎలా నిర్ణయిస్తారు? తక్కువైతే కదలదు. ఎక్కువైతే ముక్కలై అన్నీ మన వైపే వస్తాయి. వంతెన కట్టే ముందు నేల పరీక్ష తప్పనిసరి. ఇక్కడ మాత్రం ఫొటో చూసి పునాది వేయాల్సిన పరిస్థితి. గ్రహశకలాల నేల పరీక్షలకు ఇంకా ఎక్కువ నౌకలు పంపాలి, దీనికి పెట్టే ఖర్చు వృథా అనేవారితో నేను ఎక్కడైనా వాదిస్తాను.

గోదారి_గట్టు
2029లో అపోఫిస్ అనే గ్రహశకలం భూమి దగ్గరకు వస్తుంది కదా, అప్పుడు ఏమైనా తెలుస్తుందా?

రాత్రిపూట_దుర్భిణి
2029 ఏప్రిల్ 13. భూమి ఉపరితలం నుంచి సుమారు 32,000 కిలోమీటర్ల దూరంలో, మన సమాచార ఉపగ్రహాల కంటే దగ్గరగా వెళుతుంది. తగలదు. కానీ భూమి ఆకర్షణకు దాని మీది రాళ్లు జారవచ్చు. ఎండకూ సౌరపవనాలకూ ముదిరిన పైపొర కింద నుంచి తాజా రాయి బయటపడితే దాని వెలుగులో రంగు మారుతుంది. భూమికి దగ్గరగా వచ్చి వెళ్లినవాటి రంగు తాజాగా ఉంటోందని 2010లోనే ఒక బృందం చూపించింది. అంటే దెబ్బ కూడా అక్కరలేదు, పక్క నుంచి లాగినా చాలు. బెన్ను దగ్గరికి వెళ్లిన ఒసైరిస్-రెక్స్ నౌకనే ఇప్పుడు ఆపెక్స్ పేరుతో అటు మళ్లించారు.

ప్రశ్నల_పుట్ట
డైమార్ఫోస్ సంగతి ఎప్పుడు తేలుతుంది?

హరిణి_ఖగోళం
ఐరోపా వారి హెరా నౌక 2024 అక్టోబర్ 7న బయలుదేరింది. 2025 మార్చిలో అంగారకుడి పక్క నుంచి వెళ్లింది. 2026 చివరికి డిడిమోస్ జంటను చేరేలా ప్రయాణం.

చీమకుర్తి_రాయి
నా మాట రాసి పెట్టుకోండి. గుంత కనిపిస్తుంది. పూర్తి గుండ్రం కాదు, ఒక పక్క తెగినట్టు. ర్యుగు మీద కూడా పెద్ద బండ అడ్డం వచ్చి అర్ధచంద్రంలా పడిందని చదివాను. కుప్పలో పెద్ద బండలు ఉంటే తవ్వకాన్ని అవి ఆపుతాయి, పేలుడు దారి మళ్లుతుంది. ఇది నేను చేతులతో చేసిన పని.

నేలమట్టం
నేను ఒప్పుకోను. ఒక వైపు చదునుగా అణిగి, అంచు లేని పల్లం ఉంటుంది. 8 శాతం జరిగిన చోట అంచు మిగలదు. బండలు అడ్డం వచ్చినా వాటిని ఆపి ఉంచే బలం చుట్టూ లేదు, అవీ కొట్టుకుపోతాయి.

చీమకుర్తి_రాయి
బండ ఎంత పెద్దదన్న దాన్ని బట్టి.

హరిణి_ఖగోళం
అది తేల్చే పరికరం హెరాతోనే వెళ్లింది. యువెంటాస్ అనే చిన్న ఉపగ్రహంలో రాడార్ ఉంది, దాని తరంగాలు డైమార్ఫోస్ లోపలికి దిగి వస్తాయి. ఒక గ్రహశకలం కడుపులోకి అలా చూడటం ఇదే మొదటిసారి అవుతుంది. లోపల ఇంటింత బండలు ఉన్నాయా, అంతా కంకరేనా అన్నది అందులో కనిపించాలి. చివర్లో యువెంటాస్ డైమార్ఫోస్ మీదికే దిగుతుంది, దిగేటప్పుడు ఎంత ఎగిరిపడుతుందో కొలుస్తారు. మీ ఇద్దరి జవాబులనూ అప్పటిదాకా ఇలాగే ఉంచండి, ఎవరూ చెరపకండి.